పాత విండోస్‌ను నిలబెట్టుకోవాలా, మార్చేయాలా? ఎవరికి ఏ దారి మేలు

మా పెదనాన్నకి చెన్నై జార్జిటౌన్‌లో చిన్న డీటీపీ షాపు ఉంది. ఆండర్సన్ స్ట్రీట్‌లో శుభలేఖ కార్డులు కొనుక్కున్న తెలుగువాళ్లు లోపలి మ్యాటరు కంపోజ్ చేయించుకోవడానికి ఆయన దగ్గరికి వస్తారు. గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, పెరంబూరు వైపు గుళ్ల కరపత్రాలు, అన్నీ అక్కడే. ఆ షాపులో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు ఫాంట్లు, కీబోర్డు ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్, ఇరవై ఏళ్లుగా చేసిన ఫైళ్లు. పక్కన పారలల్ పోర్టుతో (యూఎస్‌బీకి ముందటి పాత సాకెట్టు) నడిచే లేజర్ ప్రింటరు.

"కొత్త సిస్టం తీసుకోవచ్చు కదా పెదనాన్నా" అని రెండేళ్ల కింద అడిగాను. ఆయన కోప్పడలేదు. 2006లో చేసిన ఒక శుభలేఖ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతిలో పెట్టారు. "అప్పుడు పెద్దమ్మాయి పెళ్లికి చేశాం. ఇప్పుడు చిన్నమ్మాయికి అచ్చం అలాగే కావాలంటున్నారు. నీ ల్యాప్‌టాప్‌లో తెరిచి పెళ్లికూతురి పేరు మార్చి చూపించరా, రేపే కొంటాను" అన్నారు.

చూపించలేకపోయాను. పేజ్‌మేకర్ ఫైళ్లను దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ వరకే తెరిచింది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. తెరిచినా మన సమస్య తీరదు. పాత అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత గది ఇచ్చే ఇప్పటి పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. తలకట్టు ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో ఉంటాయి. ఫాంటు లేని చోట "చి.ల.సౌ." అన్న మూడు అక్షరాలు కూడా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తాయి. కాబట్టి ఆయన పట్టుబట్టడం మొండితనం కాదు. ఆ సిస్టం ఆయన పనిముట్టు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద కూర్చున్నాను. తెలిసినవాళ్లవి మరికొన్ని పాత సిస్టంలు చూశాను: ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో ట్యాలీ నడిచే విండోస్ 7, ఒక ల్యాబ్‌లో మిషన్‌కి తగిలించిన ఎక్స్‌పీ, ఇంట్లో పిల్లల కోసం ఉంచిన కోర్ 2 డుయో. అందరూ అడిగేది ఒక్కటే: "ఎవరో అప్‌డేట్లు తయారు చేసి పెడుతున్నారట కదా, అవి వేసుకుంటే సరిపోతుందా?" కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. ఆ తేడా తెలియాలంటే ముందు ఆ అప్‌డేట్లు ఏం చేస్తాయో తెలియాలి.

గడువులు ఎప్పుడు ముగిశాయి

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 7కి 2020 జనవరి 14న. డబ్బు కట్టిన కంపెనీలకు మాత్రం 2023 జనవరి దాకా ఇచ్చింది. 8.1కి కూడా 2023 జనవరిలోనే అయిపోయింది. విండోస్ 10 గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంట్లో వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. మీది విండోస్ 10 అయితే ముందు ఆ నమోదు చేసుకోండి. కింద రాసేదాంట్లో చాలావరకు మీకు ఇప్పుడే అక్కర్లేదు.

కమ్యూనిటీ అప్‌డేట్లంటే ఒకటి కాదు, నాలుగు రకాలు

మైక్రోసాఫ్ట్ కాకుండా బయటివాళ్లు చేసిపెట్టేవే కమ్యూనిటీ అప్‌డేట్లు. మొదటి రకం, మైక్రోసాఫ్ట్ సొంత ప్యాచ్‌లనే (లోపాలను సరిచేసే సవరణ ఫైళ్లు) మళ్లీ చేతికి అందించేవి. ఎక్స్‌పీ సీడీతో కొత్తగా విండోస్ ఎక్కించి, అప్‌డేట్ మెనూ నొక్కితే ఇప్పుడు ఎర్రర్ తప్ప ఏమీ రాదు. ఫైలు మైక్రోసాఫ్ట్‌దేనని చెప్పే డిజిటల్ సంతకాలుంటాయి, పాత పద్ధతి సంతకాలతో నడిచే అప్‌డేట్ సర్వర్లను 2020లో మూసేశారు. విండోస్ 7 అయినా అంతే, కొత్త పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-2 సంతకాలను గుర్తుపట్టే ప్యాచ్‌లు ముందు వేస్తే గానీ మిగతావి ఎక్కవు. ఈ చిక్కు తీర్చడానికి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు లెగసీ అప్‌డేట్ అనేదాన్ని తయారుచేశారు. విండోస్ 2000 నుంచి పైన ఉన్నవాటికి పనిచేస్తుంది, ప్యాచ్‌లు మాత్రం మైక్రోసాఫ్ట్‌వే. ఎక్స్‌పీకి "అనధికార సర్వీస్ ప్యాక్ 4" అని తిరిగేది కూడా ఈ జాతిదే. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన చివరి పెద్ద మూట సర్వీస్ ప్యాక్ 3 తర్వాత వచ్చినవన్నీ ఒక మూటగా కట్టారు.

షాపుల్లో బిల్లింగ్ మిషన్ల కోసం మైక్రోసాఫ్ట్ పీఓఎస్‌రెడీ 2009 అని ఒక విండోస్ అమ్మింది. లోపల అది ఎక్స్‌పీయే. దానికి 2019 ఏప్రిల్ వరకు ప్యాచ్‌లు వచ్చాయి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చిన్న మార్పు చేస్తే మామూలు ఎక్స్‌పీ కూడా ఆ ప్యాచ్‌లు తీసుకుంటుందని 2014లోనే ఎవరో కనిపెట్టారు. అవి మామూలు ఎక్స్‌పీ మీద పరీక్షించినవి కావని మైక్రోసాఫ్ట్ అప్పుడే హెచ్చరించింది. నేను మూడు సిస్టంలలో వేశాను, రెండిట్లో ఏ ఇబ్బందీ రాలేదు, ఒకదాంట్లో ప్రింటర్ డ్రైవర్ మొరాయించింది. ముందే డిస్క్ మొత్తానికి నకలు (ఇమేజ్) తీసి పెట్టుకున్నాను గనక వెనక్కి వెళ్లగలిగాను.

రెండో రకం బ్రౌజర్లు. ఎక్స్‌పీకి క్రోమ్ 49 చివరిది, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్) చివరిది. వాటితో ఇప్పటి సైట్లు సగం తెరుచుకోవు. మైపాల్, సూపర్మియం అనే రెండిటిని ఉత్సాహవంతులు ఎక్స్‌పీ కోసం కూడా తయారుచేసి ఇస్తున్నారు. మొదటిది ఫైర్‌ఫాక్స్ వంశం, రెండోది క్రోమ్‌కి మూలమైన క్రోమియం వంశం. ర్యామ్ 1 జీబీ ఉన్న సిస్టంలో మైపాలే నయమని నా అనుభవం.

మూడో రకం, కొత్త ప్రోగ్రాములను పాత విండోస్ మీద నడిపించే అతుకులు. విండోస్ 98కి కెర్నెల్‌ఈఎక్స్ ఉండేది, విండోస్ 7కి వీఎక్స్‌కెక్స్ ఉంది, ఎక్స్‌పీకి వన్-కోర్-ఏపీఐ ఉంది. కొత్త ప్రోగ్రాము అడిగే ఫంక్షన్ పాత విండోస్‌లో లేకపోతే ఇవి మధ్యలో నిలబడి సమకూరుస్తాయి. వీఎక్స్‌కెక్స్‌ను ఒక్కో ప్రోగ్రాముకి విడిగా ఆన్ చేసుకోవచ్చు, మిగతా సిస్టంను ముట్టుకోదు. అందుకే అది నాకు నచ్చింది. వన్-కోర్-ఏపీఐ మాత్రం విండోస్ మూల ఫైళ్లనే మార్చేస్తుంది. చూసి నేర్చుకోవడానికి బాగుంటుంది, రోజూ పనిచేసే సిస్టంలో వద్దు.

నాలుగో రకం, కొత్తగా బయటపడిన కన్నాలను (వైరస్‌లు దూరే లోపాలను) నిజంగా పూడ్చేవి. ఇది చాలా అరుదు. స్లొవేనియాలో ఉన్న 0ప్యాచ్ అనే సంస్థ, ప్రోగ్రాము మెమరీలో ఉండగానే చిన్న చిన్న సవరణలు చేసే పద్ధతిలో విండోస్ 7, 10 లకు ఈ పని చేస్తూ వచ్చింది. అది డబ్బు తీసుకుని చేసే కంపెనీ, స్వచ్ఛంద బృందం కాదు.

వీటిలో మొదటి మూడు రకాలు మీ సిస్టంను పనికొచ్చేలా చేస్తాయి. నాలుగోది ఒక్కటే భద్రంగా ఉంచడానికి ప్రయత్నిస్తుంది. కమ్యూనిటీ అప్‌డేట్లన్నీ వేసిన ఎక్స్‌పీ అంటే 2019లో ఆగిపోయిన తాళాలు మళ్లీ అన్ని తలుపులకూ వేసిన ఇల్లు. అంతకుముందు సగం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి కాబట్టి అది పెద్ద మేలే. ఆ తర్వాత దొంగలు నేర్చుకున్న విద్యకు మాత్రం అందులో విరుగుడు లేదు.

నెట్ పీకేస్తే చాలా?

చాలామంది ఎంచుకునే దారి ఇదే. కేబుల్ తీసేయ్, ఉన్నది ఉన్నట్టు వాడుకో. డీటీపీ షాపుకైనా, మిషన్‌కి తగిలించిన సిస్టంకైనా మొదట నేను చెప్పేదీ ఇదే. కానీ డీటీపీ షాపులో అసలు ద్వారం నెట్ కాదు, పెన్‌డ్రైవ్.

కిందటి శ్రావణమాసంలో ఒకాయన వ్రతం కరపత్రం మ్యాటరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. పెదనాన్న దాన్ని గుచ్చి డబుల్ క్లిక్ చేశారు. ఫోల్డర్లు మామూలుగానే కనిపించాయి, కాకపోతే ఒక్కోదాని కింద ఎడమ మూల చిన్న బాణం గుర్తు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. అసలు ఫోల్డర్లను దాచేసి, నొక్కగానే వైరస్ నడిచేలా పెట్టారు. ఆ సాయంత్రానికి షాపులోకి వచ్చిన మరో రెండు పెన్‌డ్రైవ్‌లకి అదే అంటింది. పెదనాన్న నాకు ఫోన్ చేసి "నెట్టే లేదు కదరా, ఎలా వచ్చింది?" అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది, రెండు రోజుల్లో ముహూర్తాలు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాచిన ఫైళ్లను చూపించే యాట్రిబ్ కమాండ్‌తో బయటికి తెచ్చాం. కానీ మూడు పెన్‌డ్రైవ్‌ల వాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటది ప్రోగ్రాము నడిచే ఆటోరన్ అలవాటును ఎక్స్‌పీలో ఆపడానికి మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్ పంపింది. షార్ట్‌కట్ బొమ్మ కనిపించినంత మాత్రాన వైరస్ నడిచే కన్నానికి 2010 ఆగస్టులోనే ప్యాచ్ వచ్చింది. సర్వీస్ ప్యాక్ 2 సీడీతో ఎక్కించి అలాగే వదిలేసిన సిస్టంలో ఈ రెండూ ఉండవు. మా పెదనాన్న సిస్టంలోనూ లేవు. కాబట్టి నెట్ లేని సిస్టంకి అప్‌డేట్లు అనవసరం అనే మాట నేను ఒప్పుకోను. నెట్ తీసేసి, ప్యాచ్‌లు కూడా వేసుకోవాలి. రెండూ కలిస్తేనే ఆ దారి దారి.

దాంతోపాటు ఒక అలవాటు చేశాం. కస్టమర్ పెన్‌డ్రైవ్ నేరుగా ఎక్స్‌పీలో గుచ్చకుండా, ముందు లైనక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాప్‌లో గుచ్చి, కావాల్సిన ఫైలు ఒక్కటే షాపు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం. ఆ షార్ట్‌కట్ వైరస్‌లు విండోస్ కోసం రాసినవి, లైనక్స్‌లో నడవవు. ఇప్పుడు ఎక్కువమంది మ్యాటరు వాట్సాప్‌లోనే పంపుతున్నారు కాబట్టి అదీ ఆ ల్యాప్‌టాప్‌లోనే దించుకుంటారు.

పాత విండోస్ మీదే నెట్ వాడాలనుకుంటే

ఎక్స్‌పీ మీద బ్యాంకు పని, జీఎస్టీ పోర్టల్, మెయిల్ పాస్‌వర్డ్‌లు వద్దు. సూపర్మియం వేసినా వద్దు. బ్రౌజర్ కొత్తదైనా దాని కింద ఉన్న నేల పాతదే. సామెతలు చూసుకోవడానికి, పంచాంగం పీడీఎఫ్ దించుకోవడానికి, పాత డ్రైవర్లు వెతకడానికి అంటే సరే.

విండోస్ 7 పరిస్థితి కొంచెం మెరుగు. ఎస్‌హెచ్‌ఏ-2 ప్యాచ్‌లు, ఆ తర్వాత లెగసీ అప్‌డేట్‌తో 2020 వరకు వచ్చినవి, పైన ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ లేదా సూపర్మియం. క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, దాన్ని వాడకండి. ట్యాలీ పాత డేటా చూసుకోవడానికి ఉంచిన విండోస్ 7కి ఇది చాలు. ఆ హోల్‌సేల్ షాపాయన రిటర్నులు కూడా అందులోనే వేస్తానన్నారు. వద్దన్నాను. రిటర్నుల వరకు వాళ్ల అబ్బాయి ల్యాప్‌టాప్‌లో వేస్తున్నారు.

2017 మే నెలలో వనక్రై అనే వైరస్ వచ్చినప్పుడు అందరూ ఎక్స్‌పీని తిట్టారు. ఆ దెబ్బ ఎక్కువగా తిన్నవి నిజానికి ప్యాచ్ వేయని విండోస్ 7 సిస్టంలు. విండోస్ 7కి మందు అప్పటికి రెండు నెలల కిందే, మార్చిలోనే వచ్చేసింది. వేసుకోలేదు, అంతే. ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ నెలలో ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చింది. 2019 మేలో బ్లూకీప్ అనే కన్నానికి ఇంకోటి ఇచ్చింది. మీ సిస్టం ఆఫీసులో నాలుగైదు సిస్టంలతో కేబుల్‌తో కలిసి ఉంటే ఈ రెండు ప్యాచ్‌లు లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి.

ఇక్కడే ఒక చిన్న విషయం, ఎందుకంటే ఇది చూసి విండోస్‌నే మార్చేసినవాళ్లున్నారు. ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంటే ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. సిస్టం దృష్టిలో అది 2003, సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిగ్గా ఉన్నా ఎర్రర్ వస్తే అప్పుడు రూట్ సర్టిఫికెట్ల (సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి విండోస్ దగ్గరుండే మూల సర్టిఫికెట్లు) సంగతి. చాలా సైట్లు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఆధారపడిన ఒక పాత రూట్ 2021 సెప్టెంబరు 30తో అయిపోయింది. కొత్త రూట్ లేని పాత విండోస్‌లు ఆ రోజు నుంచి తలుపు తీయడం మానేశాయి. లెగసీ అప్‌డేట్ ఆ రూట్లను కూడా కొత్తవి చేస్తుంది.

తెలుగు సైట్లు పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తే ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు వేయమని టిక్ పెట్టాలి. విండోస్ సీడీ అడుగుతుంది. గౌతమి ఫాంటు అందులోదే. రూపాయి గుర్తు మాత్రం 2010లో వచ్చింది కాబట్టి ఎక్స్‌పీతో వచ్చిన ఫాంట్లలో ఉండదు.

ఎక్స్‌పీని కొత్త సిస్టం కడుపులో పెట్టుకోవడం

నా ఓటు దీనికే. వర్చువల్‌బాక్స్ లాంటిదాంట్లో ఎక్స్‌పీ ఒక కిటికీలో నడుస్తుంది. బయట విండోస్ 11 ఉన్నా, లైనక్స్ ఉన్నా దానికి తేడా లేదు. 1 జీబీ ర్యామ్, ఒక కోర్ ఇస్తే పేజ్‌మేకర్ అసలు సిస్టంలో కంటే చురుగ్గా తెరుచుకుంటుంది. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం ఉండాలి, బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగులు) అది ఆన్ చేసి ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టంలలో కోర్ ఐ5 అయితే ఈ లోటు ఉండదు.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది స్నాప్‌షాట్. ఏదైనా కమ్యూనిటీ అప్‌డేట్ వేయబోయే ముందు ఒకటి తీస్తే, అది పాడుచేసినా ఒక్క క్లిక్‌తో వెనక్కి. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో "నాట్ అటాచ్డ్" అని పెట్టేస్తే లోపలి ఎక్స్‌పీకి నెట్ గాలి కూడా తగలదు. అయినా షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఫైళ్లు లోపలికీ బయటికీ నడుస్తాయి. ప్రింటుకి మేం ఇలా చేశాం: లోపల ఒక మామూలు పోస్ట్‌స్క్రిప్ట్ (పీఎస్) ప్రింటర్ డ్రైవర్ వేసి, పేజ్‌మేకర్ నుంచి పీఎస్ ఫైలుగా షేర్డ్ ఫోల్డర్‌లోకి తీసి, బయట ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేసుకోవడం. ఫాంటు ఆ పీడీఎఫ్‌లో కూర్చుని ఉంటుంది కాబట్టి అచ్చుకి ప్లేట్ తీసేవాళ్ల దగ్గర అక్షరాలు మారిపోవు.

పెళ్లికూతురి పేరు మార్చిన ఆ 2006 శుభలేఖని ఇలాగే చూపించాను. పెదనాన్న మానిటర్ మీదికి వంగి, క్షకి వత్తు, శ్రీకి గుడి దీర్ఘం అన్నీ వేలితో చూసుకుంటూ ఒక్కొక్క లైను చదివారు. "సరిగ్గానే ఉందిరా" అన్నారు. ఆ తర్వాత అడిగింది కీబోర్డు సంగతి. అనులో యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక లోపల మామూలుగానే పనిచేస్తుంది.

చిక్కులు రెండున్నాయి. డాంగిల్‌తో (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళం లాంటి ముక్క) నడిచే సాఫ్ట్‌వేర్ అయితే అది యూఎస్‌బీ డాంగిల్ కావాలి. దాన్ని లోపలికి పంపొచ్చు. పారలల్ పోర్టు డాంగిల్ అయితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పారలల్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుళ్లు ప్రింటర్లకి పనికొస్తాయి గానీ డాంగిళ్లకి పనికిరావు. రెండోది లైసెన్స్. సిస్టంతో పాటు వచ్చిన ఎక్స్‌పీ ఆ సిస్టంకే పరిమితం. విండోస్ 7 ప్రొఫెషనల్ ఉన్నవాళ్లకి మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ మోడ్ అని లైసెన్స్‌తో కలిపి ఇచ్చింది. ఆ సిస్టం మీ దగ్గరుంటే అదృష్టం.

లైనక్స్, మరికొన్ని

పాత సిస్టంతో మీకు కావాల్సింది కేవలం నెట్, యూట్యూబ్, పిల్లల చదువు అయితే కమ్యూనిటీ అప్‌డేట్లతో కుస్తీ ఎందుకు? 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్ ఎక్కించండి. ఇదీ కమ్యూనిటీ చేసిందే, పైగా కన్నాలు కూడా పూడుస్తారు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. 32 బిట్ సిస్టంలకి యాంటిఎక్స్ లాంటివి ఉన్నాయి. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేశారు. పెంటియం 4 అయితే కరెంటు బిల్లుకి కూడా న్యాయం కాదు, వదిలేయండి.

రియాక్ట్‌ఓఎస్ గురించి కొందరు అడుగుతారు. విండోస్‌ని మొదటి నుంచి కొత్తగా రాస్తున్న ప్రయత్నం. గొప్ప పట్టుదల, కానీ ఇంకా ఆల్ఫా (తొలి ప్రయోగ) దశలోనే ఉంది. షాపు పని దాని మీద పెట్టకండి. పాత యాపిల్ మ్యాక్‌లు ఉన్నవాళ్లకి ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ ఉంది. యాపిల్ వదిలేసిన ఇంటెల్ మ్యాక్‌ల మీద కొత్త మ్యాక్ఓఎస్ ఎక్కిస్తుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా వస్తాయి. పాత గ్రాఫిక్స్ నడవడానికి మ్యాక్ సొంత కాపలాను కొంత సడలించాల్సి వస్తుంది.

యూనికోడ్‌కి మారడం

ఏదో ఒక రోజు మారక తప్పదని పెదనాన్నకీ తెలుసు. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి తెలుగు యూనికోడ్ సరిగ్గా కూర్చుంటుంది. ఉచితంగా కావాలంటే 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 ఉంది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు శుభలేఖలకి అందంగానే ఉంటాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ప్రూఫ్ చూడకుండా వదలకూడదు, ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తారుమారవుతాయి. పెళ్లి ముహూర్తం గంటలో అంకె మారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే పాతవి పాతదాంట్లోనే ఉంచి, కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టడం నయమనిపించింది. ఇప్పుడు షాపులో వారానికి రెండు మూడు కార్డులు అలా వెళ్తున్నాయి. మా పెద్దమ్మ ఫోన్‌లో వచ్చిన మ్యాటరును అలాగే కాపీ చేసుకుంటుంది, మళ్లీ టైపు చేసే పని లేదు. పెదనాన్న మాత్రం అను అక్షరాల వంపే వేరంటారు. ఆ మాటలో నిజముంది.

ఎవరికి ఏది

పాత ఫైళ్లు, పాత సాఫ్ట్‌వేర్ కోసం మాత్రమే ఎక్స్‌పీ కావాలంటే వర్చువల్‌బాక్స్. పారలల్ డాంగిల్, లేదా సిస్టం లోపల గుచ్చే పాత కార్డుతో నడిచే మిషన్ ఉంటే అసలు సిస్టమే ఉంచి, ప్యాచ్‌లన్నీ వేసి, నెట్ తీసేయండి. లెక్కల కోసం విండోస్ 7 ఉంటే కమ్యూనిటీ అప్‌డేట్లతో ఇంకొన్నాళ్లు సరే, డబ్బు లావాదేవీ మాత్రం వేరే దాంట్లో. నెట్ కోసం అయితే లైనక్స్. క్లినిక్‌లో, ల్యాబ్‌లో రోగుల వివరాలుండే సిస్టం అయితే ఏ కమ్యూనిటీ అప్‌డేట్ మీదా ఆధారపడకండి. ఆ వివరాలు మీవి కావు, వాళ్లవి.

మొదలుపెట్టే ముందు

2015 డిసెంబరు చెన్నై వరదల తర్వాత తేమకి షాపు సిస్టం బూట్ అవ్వడం మానేసింది. పెదనాన్న దాన్ని దగ్గర్లో ఒక రిపేరు షాపులో ఇచ్చారు. వాళ్లు అడగకుండానే ఫార్మాట్ కొట్టి, ఎవరో మార్చి కట్టిన ఎక్స్‌పీ సీడీ ఒకటి ఎక్కించి ఇచ్చారు. నల్ల థీము, తెలియని ప్రోగ్రాములు, ఆఫ్ చేసిన ఫైర్‌వాల్. ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉండబట్టి బతికాయి, కానీ ఫాంట్ల సెట్టింగులన్నీ పోయాయి. సీజన్ మధ్యలో నాలుగు రోజులు షాపు మూతపడింది. ఇలా మార్చి కట్టిన విండోస్‌లకీ, కమ్యూనిటీ అప్‌డేట్లకీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో ఎవరు ఏం కలిపారో మనకి కనిపించదు. రెండోదాంట్లో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూస్తే మైక్రోసాఫ్ట్ పేరు ఉంటుంది. ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. బ్రౌజర్ల లాంటివాటికి తయారుచేసినవాళ్ల సొంత పేజీలో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 అంకెతో (ఫైలుకి వేలిముద్ర లాంటిది) మీరు దించుకున్న ఫైలును సరిచూడండి. ఎక్కడెక్కడో మళ్లీ అప్‌లోడ్ చేసినవి ముట్టుకోకండి.

ఏదీ వేయకముందే క్లోన్‌జిల్లాతో హార్డ్ డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయండి. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే ఇంకేదీ మొదలుపెట్టకండి, ముందు డీడీరెస్క్యూతో డేటా బయటికి లాగండి. ఎక్స్‌పీని కొత్త బోర్డు మీద ఎక్కించేటప్పుడు నీలం స్క్రీన్ వస్తే బయాస్‌లో సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి చూడండి. పాత ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉండదు.

మేం ఇమేజ్ రెండు డిస్కుల్లో తీశాం. ఒకటి షాపులో, ఇంకోటి మా ఇంట్లో రెండో అంతస్తులో బీరువా పైఅరలో, నీళ్లు అందనంత ఎత్తులో. ఇంకొక్కటి, అందరూ మర్చిపోయేది. సీపీయూ పక్కన అంటించిన లైసెన్స్ స్టిక్కరు చెమట చేతులకీ తేమకీ చెరిగిపోతుంది. మాది చూసేసరికి చివరి ఐదు అక్షరాల్లో రెండు కనిపించలేదు. టార్చి అడ్డంగా పట్టుకుని, అచ్చు పడిన గుంటల నీడలో చదివాం. మీది ఇవాళే ఫొటో తీసి, ఆ ఫొటోను ఇమేజ్ ఉన్న డిస్కులోనే వేసి పెట్టండి.